ఫాదర్‌కి చెప్పలేని తపస్సు

ప్రశ్న: ఆంటీ, నాకు 27 ఏళ్లు. మాది గుంటూరు వైపు పల్లెటూరు, తాతల కాలం నుంచి కథోలికులం. గచ్చిబౌలిలో ఉద్యోగం, కొండాపూర్‌లో పీజీ హాస్టల్‌లో ఉంటాను. నిరుడు మా నాన్న పోయారు. ఆ రోజు సాయంత్రం ఆయన రెండుసార్లు ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానని కట్ చేశాను. తీరిగ్గా చేద్దామనుకున్నాను. ఆ రాత్రే గుండెపోటు వచ్చింది. ఈ పాపాన్ని ఎన్నోసార్లు పాపసంకీర్తనంలో (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడంలో) చెప్పుకున్నాను, అయినా మనసు తేలికపడలేదు. పునీతుల (సెయింట్ల) జీవితాల మీద వీడియోలు చూసి, నేనూ శరీరాన్ని శిక్షించుకుంటే దేవుడు క్షమిస్తాడేమో, నాన్న ఆత్మకు కూడా మేలు జరుగుతుందేమో అనుకున్నాను. బూది బుధవారం (ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలం మొదలయ్యే రోజు) నుంచి నేల మీద పడుకుంటున్నాను, పగలు నీళ్లు కూడా ముట్టడం లేదు, రాత్రిళ్లు తాడుతో కొట్టుకుంటున్నాను. పోయిన వారం ఆఫీసు క్యాబ్‌లో కళ్లు తిరిగి పడిపోయాను. రూమ్మేట్ నా వీపు చూసి హడలిపోయింది. చేస్తున్నకొద్దీ బాధ తగ్గకపోగా పెరుగుతోంది, అంటే ఇంకా చేయాలేమో. అమ్మ ఫోన్ చేస్తే మాట్లాడలేక పెట్టేస్తున్నాను. మా టీమ్‌లో ఒక ముస్లిం అమ్మాయి చుక్క నీరు తాగకుండా రోజా ఉండి మామూలుగా పని చేసుకుంటోంది. మన ఉపవాసం చూస్తే సిగ్గేస్తోంది. ఫాదర్ గారికి ఇదంతా చెప్పలేదు, చెబితే ఆపేయమంటారు. పునీతులు చేసిందే కదా నేను చేస్తున్నది, తప్పెలా అవుతుంది?

జవాబు: తల్లీ, ముందు ఈ రోజు చేయాల్సింది చెప్తాను, నీ ప్రశ్నల్లోకి తర్వాత వెళ్దాం. ఇది చదువుతుండగానే లేచి ఒక గ్లాసు నీళ్లు తాగు. రాత్రికి కడుపునిండా తిని మంచం మీద పడుకో. ఆ తాడు మీ రూమ్మేట్ చేతికిచ్చి, అవతల పారేయమను. ఆ అమ్మాయి నీ వీపు చూసి భయపడిందంటే నీ మీద ప్రేమ ఉన్న మనిషే, ఆమెకు నిజం చెప్పు. ఈ వారంలోనే ఒక డాక్టర్‌కి చూపించుకో. కళ్లు ఎందుకు తిరిగాయో తెలియాలి, బీపీ, షుగర్, రక్తం చూడాలి, గాయాలు పుండ్లు పడకుండా చూసుకోవాలి. డాక్టర్ అడిగితే దాచకు. ఇక బతికి ఏం లాభం అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చినా 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. అలాంటి ఆలోచనలు లేకపోయినా చెయ్యవచ్చు. దుఃఖం మోయలేనప్పుడు కూడా ఆ నంబర్ నీ కోసమే.

నేను సికింద్రాబాద్‌లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషిని, అందుకే ముందు ఒళ్లు గురించి అడుగుతాను. ఎండలు ముదిరే ఈ రోజుల్లో నీళ్లు లేకుండా, నిద్ర లేకుండా, గాయాలతో తిరిగితే బీపీ పడిపోవడం ఒక్కటే కాదు, మనసు కూడా కుంగిపోతుంది. ఆకలీ నిద్రలేమీ కలిస్తే ఎంత చిన్న తప్పయినా కొండంతై కూర్చుంటుంది. చేస్తున్నకొద్దీ బాధ పెరుగుతోందని రాశావు. దేవుడు ఇంకా క్షమించలేదని, ఇంకా చేయాలని దానికి అర్థం చెప్పుకున్నావు. నాకైతే ఆ వాక్యంలో తిండి లేని ఒళ్లు, నిద్ర లేని కళ్లే కనిపించాయి. పుట్టెడు దుఃఖంలో ఉన్న పిల్లకు ఎవరైనా పెట్టాల్సింది అన్నం. నువ్వు నీకు దాన్నే లేకుండా చేసుకుంటున్నావు.

ఇలా అంటున్నానని, తపస్సు పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్లలో నన్ను కలపకు. శరీరంతో చేసే తపస్సు లేకుండా కథోలిక జీవితం పూర్తి కాదని నా నమ్మకం. ప్రభువు నలభై రోజులు ఎడారిలో ఉపవాసం ఉన్నాడు. నన్ను వెంబడించాలనుకునేవాడు తన సిలువ ప్రతిరోజూ ఎత్తుకోవాలన్నాడు. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఆయన ఉపవాసం గురించి మాట్లాడిన తీరు చూడు, తన శిష్యులు ఉపవాసం ఉంటారన్నది ఆయనకు ముందే ఖాయం. ఎలా ఉండాలో మాత్రమే చెప్పాడు: ముఖం కడుక్కోండి, తలకు నూనె రాసుకోండి, ముఖాలు వేలాడేసుకోకండి. బూది బుధవారం పూజలో మనం వినే సువార్త అదే. నుదుట బూది పెట్టించుకున్న రోజునే ముఖం కడుక్కోమని కూడా వింటాం. ఆ రెండూ కలిసి ఉన్నప్పుడే మన తపస్సు.

తిరుసభ, అంటే మన కథోలిక సంఘం, పెట్టిన చట్టం నీకు తెలిసిందే, అయినా ఒకసారి చెప్పుకుందాం. బూది బుధవారం, గుడ్‌ఫ్రైడే, ఈ రెండు రోజులు ఉపవాసం. 18 నిండినవాళ్లకు, 59 నిండేదాకా ఆ బాధ్యత ఉంది. ఒక పూట పూర్తి భోజనం, మిగతా రెండు పూటలు కొద్దిగా. మాంసం మానడం 14 నిండినవాళ్లందరికీ, ఆ రెండు రోజులతో పాటు శుక్రవారాలన్నిటికీ వర్తిస్తుంది. శుక్రవారం మాంసానికి బదులు మరో తపస్సునో దయాకార్యాన్నో పెట్టే వీలు బిషప్పుల సమాఖ్యకు ఉంది. జబ్బుతో ఉన్నవాళ్లకు మినహాయింపు. మంచినీళ్లు ఎవరికీ ఎప్పుడూ నిషేధం కాదు. పూజలో సత్ప్రసాదం తీసుకోవడానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదన్న నియమంలో కూడా నీళ్లకు, మందులకు అడ్డు లేదు. నాకు వయసు దాటింది కాబట్టి చట్టం నన్ను వదిలేసింది. గుడ్‌ఫ్రైడే నాడు మాత్రం నేను ఇప్పటికీ ఒక్కపొద్దు ఉంటాను, ఇష్టంగా.

ఇది నీకు సిగ్గుపడేంత తేలిగ్గా కనిపించింది. ఒకప్పుడు ఇంత తేలిక లేదన్నది నిజమే. మధ్యయుగాల తొలినాళ్లలో తపస్సు కాలమంతా పొద్దుగూకాక ఒకే భోజనం చేసేవాళ్లు, మాంసంతో పాటు గుడ్లు, పాలు కూడా మానేవాళ్లు. ఆ నియమాలు కాలక్రమంలో సడలుతూ వచ్చాయి. 1966లో పోప్ ఆరో పౌలు వాటిని ఇంకా సడలించినప్పుడు, తపస్సు అవసరం తగ్గిందని ఆయన అనలేదు. కలిగినవాళ్లు ఉన్న దేశాల్లో తమ నోరు కట్టుకుని లేనివాళ్లకు పెట్టాలన్నాడు. పేదరికంలో ఉన్నవాళ్లు తమ కష్టాన్నే ప్రార్థనగా దేవునికి అర్పించాలని, అదే సమయంలో న్యాయం కోసం పాటుపడాలని అన్నాడు. చట్టం కనీసం ఎంతో చెప్పి ఊరుకుంది, ఆ పైది ప్రేమకు వదిలేసింది.

ఇక మీ టీమ్‌లోని అమ్మాయి. ఈ ఏడాది మన తపస్సు కాలం, రంజాన్ దాదాపు ఒకేసారి మొదలయ్యాయి కాబట్టి హైదరాబాద్‌లో ఈ పోలిక చాలామందికి వచ్చే ఉంటుంది. ఆ అమ్మాయి నిష్ఠను చూసి గౌరవం కలగడం మంచిదే. ఆమె ఉపవాసం చుట్టూ ఏముందో కూడా చూడు. తెల్లవారుజామున లేచి సహరీ తింటుంది. ఆ పూట ఇంట్లో అందరూ కలిసే లేస్తారు. సూర్యాస్తమయానికి ఖర్జూరం, నీళ్లు ఎదురుచూస్తుంటాయి. జబ్బుపడితే, ప్రయాణంలో ఉంటే రోజా మానేసి తర్వాత తీర్చుకోమని వాళ్ల ధర్మమే చెబుతుంది. ఆ ఉపవాసానికి ఇల్లుంది, మసీదుంది, మొదలూ చివరా ఉన్నాయి. నీ ఉపవాసానికి నువ్వొక్కదానివే, పైగా తలుపు గడియ పెట్టుకుని. చేతనైతే ఒక సాయంత్రం ఆమెతో కలిసి ఇఫ్తార్‌కి కూర్చో. ఉపవాసం విప్పే ఘడియలో మనిషి ముఖంలో ఎంత సంతోషం ఉంటుందో దగ్గర నుంచి చూస్తావు.

పునీతులు చేయలేదా అని అడిగావు. చేశారు. దాన్ని నేను దాచను. ముళ్ల పట్టీలు కట్టుకున్నవాళ్లు, కొరడా పట్టుకున్నవాళ్లు, బూడిదలో పడుకున్నవాళ్లు ఉన్నారు. మన కాలంలోనే పోప్ రెండో జాన్ పాల్ కూడా బెల్టుతో కొట్టుకునేవారని ఆయన్ని పునీతుడిగా ప్రకటించే ప్రక్రియ నడిపిన గురువే (ఫాదరే) 2010లో రాశారు. నువ్వు చూసిన వీడియోలు ఇక్కడితో ఆగిపోతాయి. అదే పునీతుల్లో చాలామంది ఆ తర్వాత ఏం నేర్చుకున్నారో, తమ దగ్గరికి వచ్చినవాళ్లకు ఏం చెప్పారో అది కూడా వింటేనే వాళ్ల కథ పూర్తవుతుంది.

నీకు అందరికంటే దగ్గరగా వచ్చేది పునీత లొయోలా ఇగ్నేషియస్. 1521లో యుద్ధంలో కాలు విరిగింది, మంచాన పడి మనసు మారింది, మరుసటి ఏడాది మన్రేసా అనే ఊరికి చేరాడు. అక్కడ జుట్టూ గోళ్లూ కత్తిరించుకోవడం మానేశాడు, అడుక్కుతిన్నాడు, తనను తాను కొట్టుకున్నాడు, నిద్ర చంపుకున్నాడు. అక్కడే ఒక బాధ పట్టుకుంది. చెప్పుకున్న పాపాలనే మళ్లీ మళ్లీ చెప్పుకునేవాడు, ఏదో ఒకటి సరిగ్గా చెప్పలేదేమోనన్న అనుమానం వదిలేది కాదు. చచ్చిపోదామన్న ఆలోచన కూడా వచ్చింది. దేవుడు మనశ్శాంతి ఇచ్చేదాకా తినను అని పట్టుబట్టి ఆదివారం నుంచి ఆదివారం దాకా ఏమీ తినకుండా ఉన్నాడు. ఆ సంగతి పాపసంకీర్తనం విన్న గురువుకు చెప్పాడు. ఆయన వెంటనే తినమని ఆజ్ఞాపించాడు. ఇగ్నేషియస్‌కు తన ఒంట్లో ఇంకా శక్తి ఉన్నట్టే అనిపించింది, అయినా తిన్నాడు.

తల్లీ, ఆయన్ని పునీతుణ్ణి చేసిన దారి అక్కడ మలుపు తిరిగింది, ఆ ఏడు రోజుల పస్తుల్లో కంటే తిన్న ఆ ఒక్క ముద్దలో. బాధ వెంటనే పోలేదు, రెండు రోజులు తగ్గి మళ్లీ వచ్చింది. చివరికి ఆ అనుమానాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో గ్రహించి, గతంలోని పాపాలను మళ్లీ తవ్వి చెప్పుకోకూడదని నిర్ణయించుకున్నాడు, అప్పుడు విడుదల దొరికింది. పడుకునే వేళకు గొప్ప గొప్ప ఆధ్యాత్మిక ఆలోచనలు వచ్చి నిద్ర చెడగొడుతున్నాయని కూడా కనిపెట్టి, వాటిని పక్కనబెట్టి పడుకున్నాడు. జుట్టు, గోళ్లు కత్తిరించుకున్నాడు. మన్రేసా పస్తులు చేసిన చేటు ఆయన కడుపును జీవితాంతం వదల్లేదు.

అందుకే తర్వాత ధ్యానసాధన మీద రాసుకున్న పుస్తకంలో ఆయన తపస్సుకు గీత గీశాడు. నొప్పి శరీరానికి తెలియాలి, ఎముకల్లోకి దిగకూడదు. బాధ కలిగించాలి, జబ్బు తేకూడదు. ఇది ఒకప్పుడు హద్దు దాటిన మనిషి మాట, అందుకే నాకు దాని మీద అంత గురి. 1548లో ఫ్రాన్సిస్ బోర్జియా అనే ప్రభువుకు రాసిన ఉత్తరంలో ఇంకా సూటిగా చెప్పాడు: ఉపవాసాలు తగ్గించు, కడుపును బాగుచేసుకో, రక్తపు చుక్క ఒక్కటి కూడా కారనివ్వకు, దానికి బదులు కన్నీళ్లనే వరంగా అడుగు. శరీరం దేవునిదే కాబట్టి దాని లెక్క కూడా ఆయనకు అప్పజెప్పాలని ఆయన ఆలోచన. ఆ బోర్జియా కూడా తర్వాత పునీతుడయ్యాడు.

అస్సీసి క్లారమ్మ సంగతి కూడా ఇలాంటిదే. వారంలో మూడు రోజులు ఏమీ ముట్టేది కాదు. చివరికి అస్సీసి ఫ్రాన్సిస్, అక్కడి బిషప్ కలిసి, ఏ రోజూ కనీసం ఒక రొట్టె ముక్కయినా తినకుండా ఉండకూడదని ఆజ్ఞ పెట్టాల్సి వచ్చింది. ఆమె ఆరోగ్యం పాడైంది, ఏళ్ల తరబడి మంచాన ఉంది. తర్వాత ప్రాగ్‌లో మఠంలో చేరిన ఆగ్నెస్ అనే రాజకుమార్తెకు రాసిన ఉత్తరంలో, మన ఒళ్లు కంచుది కాదు, మన బలం రాతి బలం కాదు, ఆ అతి ఉపవాసాలు మానుకో అని బతిమాలింది. అనుభవించినవాళ్లు తమ తర్వాత వచ్చే ఆడపిల్లకు చెప్పిన మాట అది. నువ్వు కూడా ఆ ఆడపిల్లల వరసలోనే ఉన్నావు.

చిన్న తెరేసమ్మను అందరం పూలతో పూజిస్తాం గానీ, ఆమె కూడా మొనలున్న చిన్న ఇనుప సిలువ ఎక్కువ సేపు పెట్టుకుని జబ్బుపడిన సంగతి తక్కువమందికి తెలుసు. అవి తన దారి కాదని అప్పుడు అర్థమైంది. ఆమె దారి ఇలా ఉండేది: సాయంత్రం ప్రార్థనలో వెనక కూర్చునే ఒక సిస్టర్ ఏదో చిరాకు పుట్టించే చప్పుడు చేసేది. తిరిగి ఒక్క చూపు చూస్తే ఆగిపోతుంది. తెరేసమ్మ చూడలేదు. చెమటలు పట్టేంత నిగ్రహంతో కూర్చుని, ఆ చప్పుడునే సంగీతంలా విని ప్రభువుకు అర్పించింది. 24 ఏళ్లకే, 1897లో కన్నుమూసిన అమ్మాయి చేసిన తపస్సు ఇది. పీజీలో ఉండేవాళ్లకు ఇంతకంటే బాగా పనికొచ్చే ఉదాహరణ నేను ఇవ్వలేను.

ఇప్పుడు అసలు సంగతి. ఫాదర్‌కి చెబితే ఆపేయమంటారని రాశావు. నీ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ కలతపెట్టింది గాయాల కంటే ఈ మాటే. ఎందుకంటే సమాధానం నీకు ముందే తెలుసు. తిరుసభలో పెద్ద తపస్సు ఏదైనా ఒకరి అనుమతితో, ఒకరి కళ్లముందు నడవాలన్నది పాత నియమం. సిలువ యోహాను వారు, ఆయన జీవితంలో కఠిన తపస్సుకు లోటేమీ లేదు, విధేయత లేకుండా చేసే శరీర తపస్సును పశువుల తపస్సు అన్నాడు. తనకు రుచించింది కాబట్టి చేస్తున్నారు, అంతే అన్నది ఆయన విమర్శ. నొప్పిలో కూడా రుచి ఉంటుంది, అది నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కొట్టుకున్నాక కాసేపు మనసు ఊరటపడి, మళ్లీ రాత్రికి అదే కావాలనిపిస్తోందా? అలా అయితే ఇది డాక్టర్‌కి కూడా తప్పకుండా చెప్పాల్సిన విషయం. 1349లో ప్లేగు యూరప్‌ను ఊడ్చేస్తున్నప్పుడు వీధుల్లో కొరడాలతో కొట్టుకుంటూ తిరిగిన గుంపులను పోప్ ఆరో క్లెమెంట్ నిషేధించాడు. వాళ్ల భయం నిజమైనదే, దుఃఖం కూడా నిజమైనదే. అయినా వద్దన్నాడు.

నాన్న విషయానికి వస్తాను. పాపం కావాలంటే తప్పు అని తెలిసి ఉండాలి, తెలిసీ కావాలని చేయాలి. మీటింగ్‌లో ఉండి ఫోన్ కట్ చేసి తర్వాత చేద్దామనుకున్న కూతురు ఏ పాపం చేసింది? ఆ రాత్రి ఏమవుతుందో నీకు తెలుసా? మీ నాన్నకు తెలుసా? తెలిసి ఉంటే ఆయన అంబులెన్స్‌కే ఫోన్ చేసేవారు. నువ్వు పాపం అంటున్నదాన్ని నేను దుఃఖం అంటున్నాను. పాపానికి క్షమాపణ ఉంది, పాపసంకీర్తనం ఉంది. దుఃఖానికి అవి మందు కావు, అందుకే ఎన్నిసార్లు చెప్పుకున్నా తేలికపడలేదు. దానికి ఏడవాలి, నాన్న గురించి మాట్లాడాలి, మనుషుల మధ్య ఉండాలి.

ఒకవేళ అందులో ఏదైనా తప్పు ఉందనుకున్నా, ఆయన మీద ఎప్పుడైనా విసుక్కుని ఉన్నా, గురువు పాపవిమోచనం చెప్పిన మొదటిసారే అది తీరిపోయింది. బాకీ తీరిందని రసీదు చేతిలో పెట్టాక కూడా నువ్వు రోజూ వెళ్లి వడ్డీ కడుతున్నావు, అదీ రక్తంతో. పాపసంకీర్తనం తర్వాత గురువు ఇచ్చే పరిహారం ఎంత చిన్నదో గుర్తు తెచ్చుకో: కొన్ని ప్రార్థనలు, ఒక మంచి పని. మిగిలినదంతా సిలువ మీద తీరింది కాబట్టే అది అంత చిన్నది. క్రీస్తు శ్రమల్లో కొదువైన వాటిని నా శరీరంలో పూర్తి చేస్తున్నాను అని బైబిల్లో పునీత పౌలు అన్న మాట కూడా నువ్వు విన్న వీడియోల్లో వచ్చి ఉంటుంది. పౌలు ఆ మాట రాసింది సంఘం కోసం పడ్డ దెబ్బలు, చెరసాల గురించి. అదే ఉత్తరం తర్వాతి అధ్యాయంలో, దేహాన్ని హింసించుకోవడం చూడ్డానికి జ్ఞానంలా కనిపిస్తుంది గానీ దానితో ఫలం లేదని కూడా ఆయనే రాశాడు.

నాన్న ఆత్మకు మేలు జరగాలన్న కోరిక మాత్రం చాలా మంచిది, అది వదులుకోకు. ఉత్తరించు స్థలంలో (మరణం తర్వాత ఆత్మలు శుద్ధి పొందే చోట) ఉన్న ఆత్మల కోసం తిరుసభ చెప్పిన దారులు నీకు చిన్నప్పటి నుంచి తెలుసు: ఆయన పేరున పూజ పెట్టించు, జపమాల చెప్పు, దానం చెయ్యి. చనిపోయినవాళ్లను తలుచుకునే నవంబరు 2న సెలవు పెట్టి ఊరెళ్లి అమ్మతో కలిసి సమాధి దగ్గర దీపం వెలిగించు. నీ వీపు మీది గాయం చూసి సంతోషించే తండ్రి ఉంటాడా? చిన్నప్పుడు నువ్వు మోకాలు దోక్కుపోయి వస్తే ఆయన ఏం చేసేవారు?

బూది బుధవారం తర్వాతి శుక్రవారం పూజలో యెషయా 58వ అధ్యాయం చదువుతారు. ఉపవాసం ఉన్నాం, నువ్వెందుకు చూడవు అని జనం దేవుణ్ణి నిలదీస్తారు. ఆకలిగొన్నవాడికి నీ అన్నం పంచిపెట్టు, ఇల్లు లేనివాణ్ణి ఇంటికి తెచ్చుకో అని ఆయన జవాబు. అదే వాక్యం చివర ఇంకో మాట ఉంది, మనం తొందరగా దాటిపోతాం: నీ సొంత రక్తసంబంధికి ముఖం చాటేయకు. అమ్మ ఫోన్ చేస్తే మాట్లాడలేక పెట్టేస్తున్నానని రాశావు కదా. భర్త పోయి ఏడాది కూడా సరిగ్గా నిండని మనిషి ఊళ్లో ఒంటరిగా కూర్చుని ఫోన్ చేస్తుంటే, కూతురు ఇక్కడ నాన్న ఫోన్ ఎత్తలేదన్న బాధతో అమ్మ ఫోన్ ఎత్తడం లేదు. ఈ తపస్సు కాలంలో నువ్వు చేయాల్సిన అన్నిటికంటే కష్టమైన తపస్సు ఇదే. రోజూ సాయంత్రం నువ్వే ముందు ఫోన్ చెయ్యి. ఏడుపొస్తే ఆమెతో కలిసి ఏడువు. ఆ రెండు ఫోన్ల సంగతి ఆమెకు చెప్పేశావా? చెప్పకపోతే చెప్పు. ఆ మాట వినాల్సిన మొదటి మనిషి ఆమే.

మిగతా రోజులు ఎలా గడపాలో కూడా అడుగుతావు. డాక్టర్ చూసి సరేనన్నాకే ఏదైనా మొదలుపెట్టు, అప్పటిదాకా మూడు పూటలా తినడమే నీ తపస్సు. ఆ తర్వాత శుక్రవారం మాంసం మానేయడం చాలు. తిండిలో ఇంకేదైనా చేయాలనిపిస్తే, హాస్టల్‌లో ఏది పెడితే అది వంక పెట్టకుండా తిను, రాత్రి పదకొండుకు స్విగ్గీలో ఏమీ తెప్పించుకోకు. మిగిలిన డబ్బు పక్కన పెట్టి, ఒక ఆదివారం నిలోఫర్ దగ్గరో గాంధీ ఆసుపత్రి దగ్గరో బయట పడిగాపులు పడే వాళ్లకు భోజనం కొనివ్వు. నీ చేత్తో ఇవ్వు, ఎక్కడి నుంచి వచ్చారో, లోపల ఎవరున్నారో అడుగు. నేను ఆసుపత్రిలో చేసిన ఏళ్లన్నీ చూశాను, పేషెంటుకు అన్నం ఆసుపత్రి పెడుతుంది, వెంట వచ్చిన మనిషి తిన్నాడో లేదో ఎవరూ అడగరు. పునీతుల మీద ఆ వీడియోలు ఈస్టర్ దాకా మానేయ్. అదొక్కటి నీకు నిజంగా కష్టమవుతుందని నా అనుమానం. గుడ్‌ఫ్రైడే రోజున చట్టం చెప్పినంతే చెయ్యి, ఆ పైన ఒక్క మెట్టు కూడా ఎక్కకు. నీళ్లు బాగా తాగుతూ ఉండు. డాక్టర్ ఉపవాసం వద్దంటే, ఆ రోజు నీకు ఉపవాసం లేదు.

చివరిది ఫాదర్. ఈ ఆదివారం పూజ అయ్యాక, పాపసంకీర్తనం క్యూలో తొందరగా కాకుండా, విడిగా టైమ్ అడుగు. "ఫాదర్, నేను రహస్యంగా తపస్సు చేస్తున్నాను, ఒంటికి దెబ్బ తగిలింది, నాన్న పోయిన దగ్గర్నుంచి మనసు బాలేదు" అని ఈ మూడు ముక్కలు చెప్పు చాలు, మిగతాది ఆయన అడుగుతారు. నోట మాట రాకపోతే నాకు రాసిన ఉత్తరమే ఫోన్‌లో తీసి చూపించు. మీ విచారణలో, అంటే మీ చర్చి పరిధిలో, తెలిసినవాళ్లు ఎక్కువ, మొహమాటం అనుకుంటే సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ బసిలికాకో, గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కథెడ్రల్‌కో వెళ్లు. అక్కడ నిన్ను ఎవరూ గుర్తుపట్టరు. ఒక గురువు విని "ఏం కాదులే" అని తేలిగ్గా తీసేస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లు. సరైన మనిషి దొరికాక మాత్రం ఆయన్నే పట్టుకో, చెప్పుకున్న పాపాన్ని మళ్లీ చెప్పొద్దంటే చెప్పకు. నేను ఇక్కడ రాసిన తిండి, ఉపవాసం, ప్రార్థనల విషయంలో ఆయన వేరేలా చెబితే నా మాట పక్కనబెట్టి ఆయన మాట విను. డాక్టర్ దగ్గరికి వెళ్లడం, ఆ తాడు మళ్లీ ముట్టకపోవడం, ఈ రెండు మాత్రం ఎవరు ఏమన్నా మారవు.